ఉల్లి వేరు కొనలో

సీసా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. నిన్న ఉదయం కోసిన ఉల్లి వేర్లు మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు అసెటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో రాత్రంతా నానాయి. అందులో పడ్డ కాసేపటికే కణాలు చచ్చిపోయాయి. ఏ పనిలో ఉన్నవి ఆ పనిలోనే ఆగిపోయాయి.

ఒక వేరును స్లైడు మీద పెట్టి, కొనలో 2 మిల్లీమీటర్లు ఉంచి మిగతాది తీసేయండి. మనం చూడాల్సిన కణవిభజన ఆ కొనలోనే జరుగుతుంది; పైభాగంలో కణాలు సాగుతాయే తప్ప విభజన చెందవు. విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే కణాలను కలిపి ఉంచే పెక్టిన్ వదులవుతుంది. ఆమ్లం అద్దేసి ఎసిటోకార్మిన్ రంగు వేయండి. స్పిరిట్ దీపం మీద స్లైడును ఆడించండి, మరగనివ్వకండి. ఇక కవర్‌స్లిప్, దాని మీద బ్లాటింగ్ కాగితం, బొటనవేలితో నిలువుగా ఒక్క నొక్కు. వేలు పక్కకు జరిగిందో, కణాలన్నీ నలిగి చుట్టుకుపోతాయి.

40 రెట్ల కటకం కింద గదులు గదులుగా కణాలు. చాలావాటిలో గుండ్రటి ఎర్రని కేంద్రకం, అంతే. ఖాళీగా కూర్చున్నట్టున్న ఈ అంతరదశలోనే డీఎన్‌ఏ మొత్తానికీ నకలు తయారవుతుంది.

స్లైడు కాస్త ఎడమకు. అదిగో మెటాఫేజ్! కేంద్రకం పొర మాయమైంది, క్రోమోజోములు కణం నడిమికి చేరాయి. ఉల్లికి 16 ఉండాలి. లెక్కపెట్టబోతే ఒకదాని మీద ఒకటి పడి కుదరనివ్వవు. పాఠ్యపుస్తకం బొమ్మలో నాలుగే ఉంటాయి, అవీ రంగురంగుల్లో. కార్మిన్‌కు ఆ మర్యాద తెలియదు. క్రోమోజోములను లాగే కండె తంతువులు ఈ రంగుకు దొరకనే దొరకవు. పక్క కణంలో రెండు గుంపులు చెరో కొసకు, తంతువులు పట్టుకునే సెంట్రోమియర్ ముందు, భుజాలు వెనక. అనాఫేజ్.

ఏదీ కదలదు. జర్మనీలోని కీల్‌లో కణవిభజనను పరిశీలించిన వాల్తెర్ ఫ్లెమింగ్‌కూ ఇదే చిక్కు: రంగు వేస్తే కణం చస్తుంది, వేయకపోతే సరిగా కనబడదు. సాలమాండర్ లార్వాల కణాలు పెద్దవి. బతికినవాటిని గమనిస్తూ, రంగు వేసినవాటితో సరిచూసుకుంటూ దశల వరస తేల్చి 1882లో పుస్తకం వేశాడు.

మీ దగ్గర బతికిన కణం లేదు, లెక్క ఉంది. కనబడే కణాలన్నింటికీ దశలవారీగా గీతలు పెట్టండి. ఇక్కడి కణాలు దేని వేళకు అది విభజన చెందుతాయి కనుక, ఎక్కువసేపు పట్టే దశలో ఎక్కువ కణాలు చిక్కుతాయి. అనాఫేజ్ కోసం స్లైడంతా వెతకాల్సి వస్తోందంటే అది అంత త్వరగా ముగిసిపోతుందని అర్థం. చచ్చిన కణాలే మీకు కాలం చెబుతున్నాయి.

ఆ మూలన ఒకటి చూడండి: రెండు కేంద్రకాలు, మధ్య సన్నని గీత. జంతుకణమైతే నడుము దగ్గర నొక్కుకుని రెండయ్యేది. గట్టి గోడ ఉన్న ఉల్లికణం నొక్కుకోలేదు. నడిమి నుంచి అంచులకు కొత్త గోడ కట్టుకొస్తుంది. దీన్ని ఒక కణంగా లెక్కించాలా, రెండుగానా? డెమాన్‌స్ట్రేటర్‌ను అడిగితే, ఏదో ఒకటి ముందే అనుకుని చివరిదాకా అదే పాటించమంటారు.