ఇంజనాయిల్ గ్రేడులు: కర్నూలు, కడప సీమ మోటారు సైకిళ్ల కథ

మోటారు సైకిలు ఇంజనులో పోసే ఆయిల్ ఎంత చిక్కన, వేడికి ఎంత పలచబడుతుంది, ఏ కాలపు ఇంజనుకు పనికొస్తుంది, క్లచ్‌ను పట్టి ఉంచుతుందా, జారవిడుస్తుందా అన్న సంగతులను అంకెల్లో, అక్షరాల్లో డబ్బా మీద అచ్చువేసే పద్ధతే గ్రేడు. నిజానికి డబ్బా మీద ఉండేవి మూడు వేర్వేరు కొలతలు. చిక్కదనానికి ఎస్.ఏ.ఈ., నాణ్యతకు ఏ.పి.ఐ., క్లచ్‌కు జాసో. మొదటి రెండూ అమెరికాలో కార్లను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. మూడోది జపాన్‌లో మోటారు సైకిళ్ల కోసమే పుట్టింది. కర్నూలు, నంద్యాల, కడప మెకానిక్ షెడ్లలో ఇంత వివరం ఉండదు. ట్వంటీ ఫార్టీ పొయ్యాలా, టెన్ థర్టీ పొయ్యాలా అన్నదొక్కటే అక్కడి తగవు. ఆ తగవులో చాలా చరిత్ర ఉంది.

కందెన కాలం

లూబ్రికెంటుకు తెలుగు మాట కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. ఎద్దులబండి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డును కందెన అనేవారు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసుకునేవారు. ఆముదానికి ఈ సీమలో కొరత లేదు. ఆదోని మార్కెట్ యార్డుకు ఇప్పటికీ పత్తి, బుడ్డలతో పాటు ఆముదాలు వస్తాయి.

మోటారు ఇంజన్లకు కూడా మొదట్లో ఆముదమే గొప్ప నూనె. 1899లో లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ పెట్టిన నూనెల కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఇంజనాయిల్‌కు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అన్న పేరే అందులో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల్లో సిలిండర్లతో సహా ఇంజనంతా గిర్రున తిరిగే రకానికి ఆముదమే వాడారు. పెట్రోలులో అంత తేలిగ్గా కరగదు, వేడికి ఓర్చుకుంటుంది. ఇవాళ్టి కొలమానంతో చూస్తే 100 డిగ్రీల దగ్గర ఆముదం చిక్కదనం 19, 20 సెంటీస్టోకుల మధ్య ఉంటుంది. అంటే 50 గ్రేడు. అయితే ఒక లోపం ఉంది. కాగి కాగి బంకలా మారి పిస్టన్ రింగులను పట్టేస్తుంది. రోజూ నడిచే బండికి పనికిరాకుండా పోయింది అందుకే.

అంకెల పుట్టుక

1905లో అమెరికాలో మొదలైన ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘమే ఎస్.ఏ.ఈ. అది 1911లో మొదటిసారి నూనెలను చిక్కదనాన్ని బట్టి తరగతులుగా విడదీసింది. చలి దేశాల్లో తెల్లవారుజామున బండి స్టార్టు కాక పడే అవస్థ చూసి, వింటర్‌కు గుర్తుగా డబ్ల్యూ అక్షరం ఉన్న తరగతులు తరవాత చేర్చారు. చలి, వేడి రెండు పరీక్షల్లోనూ నెగ్గే మల్టీగ్రేడ్ నూనెలు రెండో ప్రపంచ యుద్ధం తరవాతే జనంలోకి వచ్చాయి.

ఇక్కడ రెండు అపోహలు తీరాలి. 20 అంటే 40లో సగం చిక్కదనం అని కాదు. ఇవి తరగతి పేర్లు, తూకాలు కావు. రెండోది, 20డబ్ల్యూ-40 వేడికి చిక్కబడుతుందని కొందరు చెబుతారు. ఏ నూనే వేడికి చిక్కబడదు. ఇది తక్కువగా పలచబడుతుంది, అంతే. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని వేడికి విచ్చుకునే పొడవాటి పాలిమర్ అణువులను అందులో కలుపుతారు.

డబ్ల్యూ ముందున్న అంకె పరీక్ష ఎక్కడ జరుగుతుందో చూస్తే సీమవాడికి నవ్వొస్తుంది. 20డబ్ల్యూ నూనె మైనస్ 15 డిగ్రీల దగ్గర ఇంజనును తిరగనివ్వాలి, మైనస్ 20 దగ్గర పంపుకు అందాలి. 10డబ్ల్యూ అయితే మైనస్ 25, మైనస్ 30. కర్నూలులో సంక్రాంతి ముందు తెల్లవారుజామున కూడా పాదరసం సున్నా దరిదాపులకు పోదు. మొదటి అంకె చెప్పే అసలు సంగతికి ఇక్కడ పనే లేదు. ఒక్క ఉపయోగం మాత్రం ఒప్పుకోవాలి. 10డబ్ల్యూ-30 మామూలు వాతావరణంలోనూ పలచనే కాబట్టి పొద్దున స్టార్టు చేయగానే పైనున్న క్యామ్‌కు త్వరగా అందుతుంది, పెట్రోలు కొంచెం మిగులుస్తుంది.

మనకు పనికొచ్చేది రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు ఉండాలి. 40 అయితే 12.5 నుంచి 16.3 లోపు, 50 అయితే 16.3 నుంచి 21.9 లోపు. ఇంకో పరీక్ష 150 డిగ్రీల వేడిలో, గట్టి ఒత్తిడిలో నలిపి చేస్తారు. 10డబ్ల్యూ-30కి అక్కడ కనీసం 2.9 మిల్లీపాస్కల్ సెకన్లు వస్తే చాలు. 20డబ్ల్యూ-40కి 3.7 రావాలి. ఏప్రిల్, మే ఎండల్లో కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కే బండిని ఊహించండి. వెనక ఇద్దరు, ట్యాంకు మీద ఒక సంచి, సెకండు గేరు, గాలితో తప్ప చల్లబడే మార్గం లేని 100 సీసీ ఇంజను. నిదానంగా ఎక్కేటప్పుడు ఆ గాలి కూడా తగలదు. క్రాంకు బేరింగుకూ ఇరుసుకూ మధ్య నిలవాల్సిన నూనె పొర మందం అప్పుడు ఆ రెండో అంకె మీదే ఆధారపడుతుంది. షెడ్డులో మెకానిక్ ఫార్టీ మీద పట్టుదలగా ఉంటే అది వట్టి మొండితనం కాదు.

బండ్లు వచ్చిన వరస

స్వాతంత్ర్యం తరవాత సైన్యం కోసం తెప్పించిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చింది. పాత బుల్లెట్‌లో ఇంజనుకు ఒక ఆయిల్, క్లచ్ ఉండే చైన్‌కేసుకు ఒక ఆయిల్, గేరుబాక్సుకు మరొకటి. ఇంజనులో ఏం పోసినా క్లచ్‌కు తగలదు. ట్రాక్టరుకు తెచ్చిన డీజిల్ ఇంజనాయిల్ కొంచెం మిగిలితే బుల్లెట్‌లో పోసే అలవాటు అలా నిలిచింది, పెద్ద నష్టమూ జరగలేదు. 2009 తరవాత కొత్త బుల్లెట్లలో ఇంజను, క్లచ్, గేరు ఒకే ఆయిల్‌లో తడుస్తున్నాయి. అలవాటు పాతదే, ఇంజను మాత్రం అది కాదు. చాలా డీజిల్ ఆయిళ్లలో జారుడు రసాయనాలు ఉండవు కనుక క్లచ్ వెంటనే జారకపోవచ్చు, కానీ జాసో గుర్తు లేని డబ్బాకు ఎవరూ పూచీ ఉండరు.

మైసూరు జావా, రాజ్‌దూత్, లూనా, చేతక్, తరవాత 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100. ఇవన్నీ టూస్ట్రోక్. వీటి ఆయిల్‌కు ఎస్.ఏ.ఈ. అంకెతో పెద్దగా పని లేదు. అది పెట్రోలుతో పాటే కాలిపోతుంది. పెట్రోలు బంకులో మెషిన్ పక్కన గాజుగొట్టంతో చేతిపంపు ఒకటి ఉండేది. లీటరుకు ఇంతని ఆయిల్ కొట్టించుకుని ట్యాంకు పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపేవారు, కలవడానికి. ఆర్ఎక్స్ 100 వాళ్లకు ఆ ఊపుడు లేదు, ఆయిల్‌కు వేరే ట్యాంకు, పంపు ఉండేవి. టూస్ట్రోక్ ఆయిల్‌కు జపాన్ 1994లో ఎఫ్ఏ, ఎఫ్‌బీ, ఎఫ్‌సీ అని పొగను, మసిని బట్టి తరగతులు పెట్టింది.

మలుపు 1985లో హీరో హోండా సీడీ 100తో వచ్చింది. ఫోర్‌స్ట్రోక్. ఆయిల్ లీటరు లోపే, అదే ఆయిల్ క్లచ్‌లో, అదే గేర్లలో. ఆయిల్ కలపడం పోయి ఆయిల్ మార్చడం వచ్చింది. డ్రైను బోల్టు విప్పి నల్లటి ఆయిల్ కార్చి కొత్తది పొయ్యాలన్న సంగతి పల్లెల్లో నిలదొక్కుకోవడానికి కాలం పట్టింది. 1990ల తొలి ఏళ్లలో లూబ్రికెంట్ల వ్యాపారం మీద ఆంక్షలు సడలాక ప్రభుత్వ కంపెనీల సర్వో, మాక్, హెచ్‌పీ డబ్బాల పక్కన ప్రైవేటు, విదేశీ డబ్బాలు చేరాయి. స్పేర్ పార్టుల షాపుల్లో 20డబ్ల్యూ-40 స్థిరపడింది ఆ రోజుల్లోనే. పొగ నిబంధనలు బిగుసుకున్న కొద్దీ టూస్ట్రోక్ వెనక్కి పోయింది. పాలక్యాన్లు, గడ్డిమోపులు, నీళ్ల బిందెలు మోసే టీవీఎస్ ఎక్సెల్ కూడా 2015లో ఫోర్‌స్ట్రోక్ అయింది.

అక్షరాల సంగతి

ఏ.పి.ఐ. అంటే అమెరికా పెట్రోలియం సంస్థ. పెట్రోలు ఇంజన్ల ఆయిల్‌కు ఎస్, డీజిలుకు సి అక్షరంతో మొదలయ్యే వరస దానిది. ఎస్‌జీ 1989లో, ఎస్‌జే 1996లో, ఎస్ఎల్ 2001లో, ఎస్ఎం 2004లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. కార్లకు వెనక అక్షరం వస్తే మెరుగు అన్న లెక్క సరిపోతుంది. మోటారు సైకిలుకు సరిపోదు.

కార్ల ఆయిల్‌లో మైలేజీ కోసం రాపిడిని తగ్గించే రసాయనాలు పెరిగాయి. కారు క్లచ్ పొడిగా ఉంటుంది కనుక దానికి ఏమీ కాదు. మోటారు సైకిలు క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వాటికి బతుకే రాపిడి. ఆ రాపిడి తగ్గితే, యాక్సిలరేటర్ తిప్పినా ఇంజను అరుస్తుంది, బండి కదలదు. మరో సంగతి భాస్వరం. లోహం లోహంతో రాసుకునే చోట కాపాడే పాత రసాయనంలో భాస్వరం, జింకు ఉంటాయి. కార్ల సైలెన్సర్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను భాస్వరం పాడుచేస్తుందని పలచని గ్రేడుల్లో దాన్ని 0.08 శాతానికి కుదించారు.

క్లచ్ జారే ఈ చిక్కు చూసే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ (జాసో) 1998లో టి 903 అనే ప్రమాణం తెచ్చింది. క్లచ్ ప్లేట్లను ఆయిల్‌లో తిప్పి జారేటప్పటి పట్టు, నిలకడ పట్టు, ఆగడానికి పట్టే సమయం కొలుస్తారు. పట్టు ఎక్కువుంటే ఎం.ఏ., తక్కువుంటే ఎం.బీ. 2006లో ఎం.ఏ.ను ఎం.ఏ.1, ఎం.ఏ.2గా చీల్చారు, రెండోదానికి పట్టు ఎక్కువ. ఎం.బీ. యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్లకు. వాటి క్లచ్ బెల్టు పక్కన పొడిగా ఉంటుంది. షెడ్డులో నాలుగు డబ్బాలు వరసగా ఉంటే ఒకటి పోయబోయి ఒకటి పోయడం సులువు. స్కూటర్లో ఎం.ఏ. పోస్తే మైలేజీ కాస్త తగ్గుతుంది, అంతకు మించి ఏమీ లేదు. బైకులో ఎం.బీ. పోస్తేనే చిక్కు.

గేర్ల వల్ల ఇంకో నష్టం ఉంది. గేరు పళ్లు ఇసుర్రాయిలా ఆ పొడవాటి పాలిమర్ అణువులను నలిపి తుంచేస్తాయి. 40 గ్రేడుగా పోసిన ఆయిల్ వాడకంలో కొంత పలచబడుతుంది. ఇంజను, గేరుబాక్సు ఒకే ఆయిల్‌లో తడిసే 1959 నాటి బ్రిటన్ మినీ కారుదీ ఇదే బాధ. 20డబ్ల్యూ-50 అక్కడ పేరు తెచ్చుకోవడానికి అదొక కారణం. రెండు అంకెల మధ్య ఎడం తక్కువుంటే పాలిమర్ తక్కువ పడుతుంది, కాబట్టి నలిగేదీ తక్కువే. 20డబ్ల్యూ-50తో పోలిస్తే 20డబ్ల్యూ-40కి ఈ విషయంలో అంతో ఇంతో శాస్త్రబలం ఉంది.

మరి కంపెనీలు ఎందుకు 10డబ్ల్యూ-30 అంటున్నాయి? మైలేజీ, పొగ పరీక్షలు ఒక కారణం. కొత్త ఇంజన్లలో సందులు సన్నగా ఉంటాయి, పలచని ఆయిల్‌కే కొలిచి చేస్తారు. బీఎస్-6 పొగ నిబంధనల కాలం, అంటే 2020 ఏప్రిల్ తరవాతి బండ్లకు కంపెనీ పుస్తకంలో రాసిందే పోయడం మేలు. బోరు అరిగి పొగ కొడుతున్న పదిహేనేళ్ల బండికి 40 పోసి కొన్నాళ్లు నడుపుకోవచ్చు. అదీ బోరు కొట్టించే దాకా గడవడానికే.

దుమ్ము, నీళ్లు, కాలిన ఆయిల్

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల నాపరాయి గనులు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, మంగంపేట ముగ్గురాయి. వీటి దుమ్ములో తిరిగే బండ్ల ఇంజన్లు త్వరగా పోతాయంటారు. రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో నాపరాయిలోని కాల్సైటు 3, ముగ్గురాయి 3 నుంచి 3.5. ఇంజను ఉక్కు కంటే ఇవి మెత్తన. తెల్లటి ఆ దుమ్ము ఎక్కువగా చేసే పని గాలి ఫిల్టరును పూడ్చడం. బోరును నిజంగా తినేది ఎర్రనేల బాటల్లోని ఇసుక. అందులోని క్వార్ట్జు 7. చిరిగిన ఫిల్టరులోంచి అది లోపలికి పోతే ఏ గ్రేడూ అడ్డుకోలేదు.

నీళ్లు తక్కువైన ఈ సీమ నీళ్లలో మునిగిన సందర్భాలూ ఉన్నాయి. 2009 అక్టోబరులో వరద కర్నూలును ముంచింది. 2021 నవంబరులో అన్నమయ్య డ్యాం తెగి చెయ్యేరు రాజంపేట పల్లెల మీద పడింది. మునిగిన బండి ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. అలాంటి బండికి కిక్కు కొట్టకూడదు, ముందు ఆ ఆయిల్ దించాలి.

దించిన పాత ఆయిల్‌కు పల్లెల్లో గిరాకీ ఉంది. చైన్లకు పూస్తారు, చెదలు పట్టకుండా వాకిలి చెక్కలకు పట్టిస్తారు, సెంట్రింగు పలకలకు రాస్తారు, ఇంకా మిగిలిన ఎద్దులబండ్ల ఇరుసులకూ పెడతారు. ఇంజనులో తిరిగిన ఆయిల్‌లో లోహపు పొడి, చర్మానికి చేటు చేసే కర్బన పదార్థాలు చేరి ఉంటాయి. కాలువలో పోస్తే నీటి మీద పొరలా పరుచుకుంటుంది. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తుంది. వాడిన ఆయిల్‌ను తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదార్ల మీద, దిగుమతిదార్ల మీద పెడుతూ 2023లో తెచ్చిన నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఖాళీ డబ్బాల సంగతి మాత్రం కొన్నవాడి చేతుల్లోనే ఉంది. మూత, డబ్బా చెడకుండా ఉంటే పాత ఆయిల్ వడగట్టి మళ్లీ నింపి అమ్మేవాళ్లు ఉంటారు. సంగతి తెలిసిన మెకానిక్ ఆయిల్ పోయగానే స్క్రూడ్రైవరుతో డబ్బాకు చిల్లు పొడిచి మూలకు విసిరేస్తాడు.