పీరియడుకింత: తాత్కాలిక అధ్యాపకులు, వారి సంఘాలు

అబూధాబీ ఎమిరేట్‌లో, ఒమాన్ సరిహద్దును ఆనుకొని ఉన్న అల్ ఐన్ ఒక ఒయాసిస్సు పట్టణం. ఖర్జూరపు తోటలకు నీరందించే ఫలజ్ కాలువలే శతాబ్దాల పాటు దానికి ప్రాణాధారం. ఆ నీటిని అక్కడి రైతులు కాలంతో కొలిచి, వంతుల వారీగా పంచుకొనేవారు. మన చెరువుల కింద నీరటికాడు వంతులు నడిపించిన పద్ధతి వంటిదే అది. పారే నీటికి కాలం తగిన కొలబద్ద. ఒక గంట పారిన నీరు ఎవరి తోటలో పారినా ఒక గంట నీరే. బోధనకు కూడా అదే కొలబద్ద సరిపోతుందా అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దపు చివరి పాదంలో ప్రపంచమంతటా కళాశాలల ముందుకు వచ్చింది. అల్ ఐన్‌లోనూ, తెలుగునాట కూడా ఆ ప్రశ్న ఉంది. రెండు చోట్లా దానికి దొరికిన సమాధానాలు మాత్రం వేరు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తన తొలి విశ్వవిద్యాలయాన్ని 1976లో అల్ ఐన్‌లోనే స్థాపించింది. తరువాతి దశాబ్దంలో దానికి వైద్య కళాశాల తోడయింది. 2004లో ఆ ఊరి పేరుతోనే ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ సంస్థలు ఆరంభం నుంచీ పరదేశాల నుంచి వచ్చిన అధ్యాపకుల మీద ఎంతగానో ఆధారపడ్డాయి. వారి ఉద్యోగం ఒప్పందం మీద, నివాసానుమతి ఉద్యోగం మీద ఆధారపడి ఉంటాయి. ఒప్పందం ముగిసినవాడికి జీతంతో పాటు ఆ దేశంలో నిలవ నీడ కూడా ప్రశ్నార్థకమవుతుంది.

పార్ట్‌టైమ్ బోధన అన్నది పుట్టుకతో అన్యాయం కాదు. రోజంతా ఆసుపత్రిలో పనిచేసే శస్త్రవైద్యుడు వారానికి రెండు గంటలు విద్యార్థులకు పాఠం చెప్పడం, న్యాయవాది సాయంకాలం న్యాయకళాశాలకు వెళ్ళి సాక్ష్య చట్టం బోధించడం పాత సంప్రదాయమే. అటువంటివారికి ప్రధాన జీవనోపాధి మరొకచోట ఉంటుంది. కళాశాల ఇచ్చే పైకం కన్నా, పేరు ముందు చేరే ‘ప్రొఫెసర్’ అన్న మాటే వారికి విలువైనది. వైద్య కళాశాలలున్న ఊళ్ళన్నింటా ఈ ఏర్పాటు కనబడుతుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మరొక ఆదాయం ఉన్నవారి కోసం ఏర్పడిన ఈ పద్ధతిని, బోధన తప్ప మరో ఆదాయం లేనివారికి వర్తింపజేసినప్పుడు. పదవీ విరమణ పొందిన ఆచార్యునికి ఇచ్చే గౌరవ వేతనాన్నే, ముప్పయ్యేళ్ళ వయసులో ఇల్లు నడపవలసిన యువ అధ్యాపకునికి జీతంగా ఇవ్వడం మొదలైంది. ‘గౌరవ వేతనం’ అన్న మాటలోని గౌరవం అక్కడే హరించుకుపోయింది.

ఎమిరేట్స్‌లో ఈ స్థితికి చట్టం కొంత సమాధానం ఇచ్చింది. 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. పార్ట్‌టైమ్ పనిని అది ఒక ప్రత్యేక తరహా ఉద్యోగంగా గుర్తించి, ఒకరికన్నా ఎక్కువమంది యజమానుల వద్ద పనిచేసేందుకు అవకాశం కల్పించింది. పనిచేసిన కాలానికి తగిన దామాషాలో సెలవు కూడా చూపింది. వివాదం వస్తే మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేసుకోవచ్చు. అయితే ఈ చట్టం ప్రైవేటు రంగానికే పరిమితం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల సిబ్బంది వేరే నిబంధనల కిందికి వస్తారు. అన్నిటికీ మించి, కార్మిక సంఘం పెట్టుకొనే హక్కు గాని, సమ్మె చేసే హక్కు గాని ఆ దేశంలో లేదు. 1972లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థలో సభ్యత్వం పొందినా, సంఘ స్వాతంత్ర్యానికి, సామూహిక బేరానికి సంబంధించిన 87, 98 నంబర్ల ఒడంబడికలను అది ఆమోదించలేదు.

ఉపాధ్యాయుల పేరుతో ఒక సంఘం అక్కడ లేకపోలేదు. అది కార్మిక సంఘం కాదు, వృత్తిపరమైన పౌర సంఘం. 2011లో అరబ్బు దేశాలంతటా అలజడి రేగిన వేళ, రాజకీయ సంస్కరణలు కోరుతూ వెలువడిన ఒక విజ్ఞప్తిలో ఆ సంఘం పాలుపంచుకొంది. కొద్ది వారాలకే ప్రభుత్వం, సంఘాలు రాజకీయాలలో తలదూర్చరాదన్న నిబంధనను చూపి, దాని ఎన్నికైన పాలకమండలిని రద్దు చేసి తన నియమితులను కూర్చోబెట్టింది. న్యాయవాదుల సంఘానికీ అదే గతి పట్టింది. తాత్కాలిక అధ్యాపకుల జీతాలతో ఆ ఘటనకు సంబంధం లేదు. కాని ఆ దేశంలో గంటల లెక్కన బోధించే వ్యక్తి తన కష్టాన్ని ఒంటరిగా ఫిర్యాదు రూపంలో చెప్పుకోగలడే తప్ప, పదిమందితో కలిసి ఎందుకు చెప్పుకోలేడో అది తెలుపుతుంది.

తెలుగునాట పరిస్థితి దాదాపు తలకిందులు. ఇక్కడ సంఘం పెట్టుకొనే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 19వ అధికరణంలోనే ఉంది. కొరవడినది ఉద్యోగ భద్రత. ప్రభుత్వ కార్యాలయాలలో దినవేతనంపై, తాత్కాలికంగా సాగిన నియామకాలను అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1994లో 2వ చట్టాన్ని చేసింది. అప్పటికే పనిచేస్తున్నవారి విషయంలో 1993 నవంబరు 25ను గడువు తేదీగా పెట్టారు. ఆ తేదీకి అయిదేళ్ళ సర్వీసున్న పూర్తికాల తాత్కాలికులను క్రమబద్ధీకరించడానికి 1994లో 212 నంబరు జీవో వచ్చింది. పార్ట్‌టైమ్ వారి కోసం 1997లో వచ్చిన 112 నంబరు జీవో పదేళ్ళ సర్వీసు అడిగింది. అంటే పార్ట్‌టైమ్ ఉద్యోగి రెండేళ్ళ జీవితం పూర్తికాల ఉద్యోగి ఏడాదికి సమానమని లెక్కగట్టారన్నమాట. 2009లో సుప్రీంకోర్టు కూడా ఈ గడువులను సమర్థించింది.

చట్టం నియామకాలను నిషేధించింది గాని, తరగతి గదుల అవసరాన్ని నిషేధించలేకపోయింది. కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ కళాశాలలలో కాంట్రాక్టు లెక్చరర్లే పాఠాలకు ఆధారమయ్యారు. ఏటేటా ఒప్పందం పొడిగింపు, వేసవిలో జీతం ఉంటుందో లేదో తెలియని స్థితి, బదిలీ అయి నియత అధ్యాపకుడు వస్తే ఉన్న చోటు ఖాళీ చేయవలసి రావడం వారి నిత్యజీవితం. సంఘాలు అక్కడినుంచే పుట్టాయి. పన్నెండు నెలల జీతం, నియత వేతన శ్రేణిలోని కనీస మొత్తం, ప్రసూతి సెలవు, చివరికి క్రమబద్ధీకరణ వారి కోర్కెలు. హైదరాబాదులో ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్ వారికి పరిచితమైన చోటు.

న్యాయస్థానాలు ఈ ఉద్యమానికి ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకున్నాయి. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పోటీ నియామకం లేకుండా దొడ్డిదారిన వచ్చినవారికి శాశ్వత ఉద్యోగం హక్కు కాదని తేల్చింది. మంజూరైన ఖాళీలలో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్ళు పనిచేసిన అర్హులకు ఒక్కసారికి మాత్రమే మినహాయింపు ఇచ్చింది. 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం, తాత్కాలికులకు సైతం సమాన పనికి సమాన వేతనం చెల్లుతుందని, వేతన శ్రేణిలోని కనీస మొత్తం ఇవ్వవలసిందేనని చెప్పింది. శాశ్వతత్వం హక్కు కాదు, సమాన వేతనం మాత్రం హక్కు అని ఈ రెండు తీర్పుల సారాంశం.

తెలంగాణ ప్రభుత్వం 2016 ఫిబ్రవరి 26న 16వ నంబరు జీవో ద్వారా, 2014 జూన్ 2 నాటికి పనిచేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకు దారి తీసింది. అయితే ఆ దారి ఉత్తర్వుల దాకా చేరడానికి మరో ఏడేళ్ళు పట్టింది. 2023 ఏప్రిల్ 30న 5,544 మందిని క్రమబద్ధీకరించారు. వారిలో 2,909 మంది జూనియర్ లెక్చరర్లే. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది, 2014 జూన్ 2నే గీతగా పెట్టుకొని వేరొక చట్టం చేసింది. పాతికేళ్ళ వయసులో కాంట్రాక్టు మీద చేరి, నలభై దాటాక నియతులైనవారికి ఇది నిస్సందేహంగా సంఘాల విజయం.

ఆ విజయానికి మరో పక్క ఉంది. పోటీ పరీక్ష కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన నిరుద్యోగ పట్టభద్రులు ఈ జీవోను సవాలు చేశారు. ఖాళీలన్నీ ఇలా నిండితే తమకు అవకాశమెక్కడ, రిజర్వేషన్ల మాటేమిటి అన్నది వారి వాదం. 2024 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన నిబంధనను కొట్టివేసింది. అప్పటికే నియతులైనవారిని మాత్రం కదిలించలేదు. ఈ వివాదంలో ఏ పక్షమూ దోషి కాదు. సకాలంలో నియామకాలు చేయని ప్రభుత్వం ఒక తరాన్ని తరగతి గదిలో తక్కువ జీతానికి, మరొక తరాన్ని కోచింగ్ కేంద్రంలో నిరీక్షణకు వదిలివేసి, చివరకు ఇద్దరినీ ఒకే కుర్చీ కోసం న్యాయస్థానంలో ఎదురెదురుగా నిలబెట్టింది.

ఇంతకీ క్రమబద్ధీకరణ అందనివారు మిగిలే ఉన్నారు. కాంట్రాక్టు వారికన్నా కింది మెట్టులో గెస్ట్ లెక్చరర్లు ఉంటారు. తెలంగాణ జూనియర్ కళాశాలలలో వారికి పీరియడుకు రూ.390, నెలకు గరిష్ఠంగా 72 పీరియడ్లు, అంటే మించితే రూ.28,080. నియత జూనియర్ లెక్చరర్‌కు 2020 వేతన సవరణలో మూల వేతనమే రూ.54,220 నుంచి ఆరంభమవుతుంది. భత్యాలు దానికి అదనం. జూనియర్ కళాశాలలు విశ్వవిద్యాలయ నిధుల సంఘం పరిధిలోకి రావు గాని, పోల్చి చూడడానికి ఆ సంఘం 2019లో అతిథి అధ్యాపకులకు నిర్ణయించిన రేటు గమనించదగ్గది: ఒక్కో పాఠానికి రూ.1,500, నెలకు రూ.50,000 మించకుండా. అదే సంఘం 2018 నిబంధనలు కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం స్థానాలలో పది శాతానికి మించరాదని, వారి వేతనం నియత అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనానికి తగ్గరాదని అంటాయి.

పీరియడు లెక్కలో కనబడని పని చాలా ఉంది. పాఠానికి సిద్ధపడడం, రికార్డులు దిద్దడం, పరీక్ష తప్పిన పిల్లవాడిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం ఏ పీరియడులోకీ రావు. దసరాకు, సంక్రాంతికి బడి మూసిన రోజుల్లో పీరియడ్లు లేవు గనుక పైకమూ లేదు. పండుగ నెలలో ఇంటి ఖర్చు పెరిగినప్పుడే జీతం తరుగుతుంది.

అమెరికాలో ఈ వర్గానికి ‘అడ్జంక్ట్’ అని పేరు. వారి కష్టం దేశమంతటికీ తెలిసింది 2013 సెప్టెంబరులో, పిట్స్‌బర్గ్‌లోని డుకేన్ విశ్వవిద్యాలయంలో పాతికేళ్ళు ఫ్రెంచ్ బోధించిన 83 ఏళ్ళ ఉపాధ్యాయిని పేదరికంలో మరణించినప్పుడు. అక్కడి తాత్కాలిక అధ్యాపకులు అంతకు ముందు ఏడాదే ఉక్కు కార్మికుల సంఘంలో చేరడానికి ఓటు వేశారు. మతసంస్థగా తనకు మినహాయింపు ఉందన్న విశ్వవిద్యాలయ వాదాన్ని 2020లో అప్పీలు కోర్టు సమర్థించింది. 2022 చివర న్యూయార్క్ న్యూ స్కూల్‌లో పార్ట్‌టైమ్ అధ్యాపకులు మూడు వారాలకు పైగా సమ్మె చేసి మెరుగైన ఒప్పందం సాధించారు. కెనడాలో వాంకూవర్ కమ్యూనిటీ కళాశాల ఒప్పందం మరింత సూటిగా ఉంటుంది: పార్ట్‌టైమ్ వారికీ పూర్తికాల వారికీ ఒకే వేతన శ్రేణి, పని ఎంతో అంత దామాషాలో జీతం, నిర్ణీత కాలం పనిచేస్తే నియత స్థానం. సగం పనికి సగం జీతం ఇవ్వడం సాధ్యమేనని, సగం పనికి పావు జీతం అన్నది ప్రకృతి నియమం కాదని అది నిరూపించింది.

1997లో యునెస్కో ఉన్నత విద్యా బోధకుల హోదాపై చేసిన సిఫారసు కూడా ఇదే మాట చెబుతుంది: క్రమం తప్పక పార్ట్‌టైమ్‌గా పనిచేసేవారికి దామాషాలో సమాన వేతనం, సమాన పరిస్థితులు ఉండాలి. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన అంకెలు చూస్తే, ఆ సిఫారసు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. కాంట్రాక్టు వారికి నెలకు రూ.30,000, అదే పని చేసే నియతులకు సుమారు రూ.1,36,000. గురువును దైవంగా సభలలో స్తుతిస్తే చాలదని, ఆ నమ్మకం నిజమైతే దేశం ఉపాధ్యాయులను చూసే తీరులో కనబడాలని న్యాయమూర్తులు మందలించి, కాంట్రాక్టు వారికి వేతన శ్రేణిలోని కనీస మొత్తం చెల్లించమన్నారు.

అల్ ఐన్‌లో పార్ట్‌టైమ్ ఒప్పందానికి చట్టంలో చోటుంది, కలిసి అడిగే చోటు లేదు. తెలుగునాట కలిసి అడిగే చోటుంది, ఒప్పందం మాత్రం వచ్చే ఏడాదికి ఉంటుందో ఉండదో తెలియదు. ఒకచోట లేనిది రెండోచోట ఉన్నా, ఏదో ఒక్కటి మాత్రమే ఉన్నచోట అధ్యాపకుని బ్రతుకు నిలదొక్కుకోలేదు. 2,909 మంది నియతులైన నాడు సంఘాలు సాధించినది జీతం పెరుగుదల ఒక్కటే కాదు. జూన్‌లో కళాశాల తెరిచేనాటికి తమ పేరు పట్టికలో ఉంటుందన్న భరోసా వారికి మొదటిసారి దక్కింది. పీరియడు లెక్కన బోధించేవారికి ఆ భరోసా ఇంకా అందవలసి ఉంది.