మీగడ యంత్రం వెనక

"నెయ్యి డబ్బులు నావే. పాల డబ్బులు మీ బాబాయివి" అంది మా పిన్ని ఒకసారి. అప్పుడు నేను పిహెచ్.డి. మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఇంగ్లీషు నవలల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి చదువుతూ, వేసవి సెలవలకి ఊరెళ్లాను. పిన్నికి రెండు గేదెలు. పెరుగు చిలికి, వెన్న కాచి, నెయ్యి వాడకం ఇళ్లకి అమ్మేది. ఆ డబ్బులు పోపుల డబ్బాలో ఉండేవి. ఊళ్లోకి పాల కేంద్రం వచ్చాక పాలు తెల్లారేసరికే క్యాన్లలో వెళ్లిపోవడం మొదలైంది. పాసు పుస్తకం బాబాయి పేరు మీద. పేడ తీసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది మాత్రం పిన్నే.

ఆ మాటని నా థీసిస్‌లో ఎక్కడ పెట్టాలో చాలాకాలం తెలియలేదు. థామస్ హార్డీ 'టెస్' మళ్లీ చదువుతున్నప్పుడు దానికి చోటు దొరికింది. టాల్బోథేస్ పాడిలో ఒకరోజు ఎంత చిలికినా వెన్న పడదు. ఇంటిల్లిపాదీ పని మానేసి చిలికే పీపా చుట్టూ చేరి దిగులు పడతారు. పని తెలిసిన ఆడవాళ్ల పాడి అది. నవల పుస్తకంగా వచ్చింది 1891లో. మీగడ తీసే సెంట్రిఫ్యూజ్ యూరప్‌లో అప్పటికే పదమూడేళ్లుగా తిరుగుతోంది! నూర్పిడి యంత్రాన్ని అంత భయంకరంగా రాసిన హార్డీ, పాలని లండన్ తీసుకెళ్లే రైలుని కూడా చూపించిన హార్డీ, దీన్ని మాత్రం ఆ పాడిలోకి రానివ్వలేదు. నాకు యంత్రం మీద ఆసక్తి మొదలైంది ఆ లేనితనం వల్లనే.

అంతకుముందు మీగడ తీయడమంటే కాచుకుని కూర్చోవడం. వెడల్పాటి పళ్లేలలో పాలు పోసి చల్లటి గదిలో ఒక రోజు, ఒక్కోసారి రోజున్నర కదపకుండా ఉంచాలి. కొవ్వు తేలిక కాబట్టి పైకి తేలుతుంది. ఎప్పుడు తీయాలో, ఇంకాస్త ఆగితే పులుస్తుందేమో, వాసన ఎలా మారుతోందో - ఇదంతా చేతికీ ముక్కుకీ తెలిసిన విద్య. తల్లి నుంచి కూతురికి, యజమానురాలి నుంచి పనమ్మాయికి వచ్చేది.

స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావాల్ 1878లో ఆ ఎదురుచూపుని తీసేశాడు. జర్మనీలో లెఫెల్ట్ అప్పటికే పాలని గిర్రున తిప్పి మీగడ తీశాడు గానీ, ప్రతిసారీ యంత్రం ఆపి తోడాల్సి వచ్చేది. లావాల్ యంత్రంలో ఒకవైపు పాలు పోస్తూనే ఉంటే మీగడ ఒక గొట్టం నుంచి, వెన్న తీసిన పాలు మరో గొట్టం నుంచి వస్తూనే ఉంటాయి. నిమిషానికి వేల చుట్లు తిరిగే గిన్నెలో బరువైన పాలు గోడ వైపు జరిగితే, తేలికైన మీగడ మధ్యకి చేరుతుంది. అన్నిటికన్నా బరువైన నలుసులు, మట్టి గోడకి బురదలా అంటుకుంటాయి. గుడ్డలో వడకట్టినా పోని మురికి అది. 1888లో బెక్టోల్‌షైమ్ అనే జర్మన్, గిన్నెలో ఒకదాని మీద ఒకటి శంకువు ఆకారపు రేకులు పేర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కొవ్వు బొట్టు ప్రయాణించాల్సిన దూరం రేకుకీ రేకుకీ మధ్య ఉన్న సందుకి తగ్గిపోయింది. మరుసటి ఏడాది లావాల్ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. ఈరోజు నూనెలు, మందులు, మురుగునీళ్లు వేరుచేసే యంత్రాల్లోనూ ఆ రేకులే.

అసలు సంగతి మరొకటుంది. బండిమీద కుదుపులు తిన్న పాలమీద మీగడ సరిగ్గా కట్టదు. కాబట్టి పాలు ఎక్కడ పితికితే వెన్న అక్కడే, అంటే ఇంట్లోనే, అంటే ఆడవాళ్ల చేతుల్లోనే. సెంట్రిఫ్యూజ్‌కి కుదుపులతో పనిలేదు. ఊరందరి పాలూ ఒకచోటికి తోలుకు రావచ్చు. 1882లో డెన్మార్క్‌లోని యెడింగ్‌లో రైతులు సహకార డెయిరీ పెట్టారు. ఇరవై ఏళ్లలో అలాంటివి దాదాపు వెయ్యి అయ్యాయి. చిన్న రైతు పాలకీ పెద్ద ఎస్టేటు పాలకీ ఒకే వెన్న, ఒకే ధర. దీన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ సంఘాల్లో ఓటు ఆవుల తలలని బట్టి కాదు, మనుషుల తలలని బట్టి అని డేన్‌లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మనుషుల తల మాత్రం సాధారణంగా పొలం యజమానిది, అంటే మగవాడిది.

అంతకుముందు తరంలో హావార్టి అనే పొలంలో హానా నీల్సెన్ (1829-1903) యూరప్ తిరిగి జున్ను విద్య నేర్చుకొచ్చి, ఎంతోమంది పాడి అమ్మాయిలకి నేర్పింది. డేనిష్‌లో ఆ పనికి 'మెయెర్‌స్కె' అని స్త్రీలింగ పదమే ఉండేది. కొత్త డెయిరీల్లో ఆవిరి ఇంజనూ, లెక్కల పుస్తకమూ వచ్చాయి, మేనేజరుగా మగవాడు వచ్చాడు. మెయెర్‌స్కె అతని కింద సహాయకురాలైంది.

యంత్రం వచ్చింది, ఆడవాళ్లు పోయారు - ఇలా రాసేస్తే సులువే. నేనూ మొదట అలాగే రాసుకున్నాను. స్వీడన్ చరిత్రకారిణి లేనా సొమ్మెస్టాడ్ 1992లో ప్రచురించిన పరిశోధన నన్ను ఆపింది. అదే యంత్రం పుట్టిన స్వీడన్‌లో, అది వచ్చాక కూడా దశాబ్దాలపాటు చాలా డెయిరీలని మహిళలే నడిపారు. మరి యంత్రానికి లింగం ఎక్కడినుంచి వచ్చింది? శిక్షణ ఎవరికిచ్చారు, జీతం ఎంత, డెయిరీ ఎంత పెద్దది, పెళ్లయిన స్త్రీ ఉద్యోగంలో ఉండొచ్చా - ఇలాంటి ప్రశ్నలు అడగాలి. ఐర్లండ్ గురించి రాసిన జోవానా బుర్క్ మరో ఇబ్బందికరమైన మాట చెబుతుంది: కొందరు స్త్రీలు ఆ పని వదలడాన్నే మెరుగనుకున్నారని. చలికి పగిలిన చేతులతో వెన్న కడిగినవాళ్లు అలా అనుకోవడంలో నాకు వింతేమీ కనిపించదు.

ఇళ్లకి చేత్తో తిప్పే చిన్న యంత్రాలు కూడా వచ్చాయి. వాటి ప్రకటనల్లో నవ్వుతున్న ఆడవాళ్లు, పక్కన పిల్లలు. వాడిన ప్రతిసారీ ఒక్కో రేకూ విడదీసి, గోడకంటిన బురద గోకి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాల్సింది ఎవరో ఆ ప్రకటనల్లో లేదు.

కిందటేడు పిన్నికి ఇదంతా చెప్పాను. రేకుల దగ్గరికొచ్చేసరికి ఆపింది. "ఎన్నుంటాయే ఒక్కో మిషన్లో?" అని అడిగింది. ఇరవై ముప్ఫై దాకా ఉంటాయన్నాను. "రెండు పూటలా?" అంది. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, గేదెల దగ్గరికి లేచి వెళ్లిపోయింది. పాసు పుస్తకం ఇంకా బాబాయి పేరు మీదే ఉంది.