అద్దాల తొట్టె, కరెంటు బిల్లు, కాకతీయుల మత్తడి

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు విద్యుత్ శాఖలో గడచిన రోజుల ముచ్చట్లు వ్రాద్దామనుకున్నాను. కాని మా మనవరాలి చేపల తొట్టె నన్ను వేరే దారి పట్టించింది.

కార్తీకంలో తొట్టె ఇంటికి వచ్చింది. బంగారు చేపలు నాలుగు, లైటు, గాలి పంపు, హీటరు. సంక్రాంతికల్లా బిల్లు పై శ్లాబులోకి ఎక్కింది. ఊరందరి మీటర్ల లెక్క చూసినవాణ్ణి, నా ఇంటి లెక్క సరిచేసుకోలేనా అని రోజూ పడుకునేముందు అన్నీ కట్టేయడం మొదలుపెట్టాను. చలికాలం ఏమీ కాలేదు. మే నెలలో ఒక తెల్లవారుజామున రెండు చేపలు నీళ్ళపై తేలి ఉన్నాయి. "తాతా, రాత్రి కరెంటు పోయిందా?" అని పాప అడిగింది. పోలేదు తల్లీ, నేనే తీశానని చెప్పడానికి నోరు రాలేదు. అప్పటి నుండి ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

అద్దాల తొట్టెలో చేపలు పెంచే విద్య కరెంటుతో పుట్టలేదు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నాచుమొక్కను, కొన్ని నత్తలను ఒకే తొట్టెలో ఉంచి చూశాడు. మొక్క పగటి వెలుతురులో ప్రాణవాయువు ఇస్తుంది, చేప విసర్జించినది మొక్కకు ఎరువు, కుళ్ళిన ఆకులను నత్త తింటుంది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల భవనం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట ప్రచారంలోకి వచ్చింది. అప్పటికి ఇళ్ళలో కరెంటు దీపమే లేదు.

మరి హీటరు ఎందుకు వచ్చింది? 1869లో కార్బోనియే అనే ఆయన తూర్పుదేశాల చేపను పారిస్‌కు తెప్పించి పెంచాడు. వేడి దేశాల చేపలు చలి దేశాల ఇళ్ళకు చేరాక నీటిని వెచ్చబెట్టక తప్పలేదు. మొదట దీపాలతో, గ్యాసుతో, తరువాత కరెంటుతో. అంటే హీటరు ఐరోపా చలికి పుట్టిన బిడ్డ. వరంగల్ ఎండల్లో దానికి పనేమిటి? పైగా బంగారు చేప చల్లని నీటిని ఓర్చుకునే చైనా చేప. దానికి హీటరు అమ్మిన దుకాణం వారిననేదేముంది, అడగకుండా కొన్నది నేనే.

ఇక లెక్క చూడండి. 100 వాట్ల హీటరు రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 36 యూనిట్లు. చోకుతో కలిపి 50 వాట్లు లాగే పాత ట్యూబులైటు 10 గంటలకు నెలకు 15 యూనిట్లు. 10 వాట్ల ఎల్.ఇ.డి. 8 గంటలకు నెలకు 2.4 యూనిట్లే. 5 వాట్ల గాలి పంపు రాత్రింబగళ్ళు తిరిగినా 3.6 యూనిట్లు. రాత్రి 8 గంటలు పంపు ఆపి నేను మిగిల్చింది యూనిట్‌లో పాతికో వంతు! దానికి రెండు ప్రాణాలు పోయాయి.

కారణం ఇది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. రాత్రిపూట మొక్కలు కూడా దానినే వాడుకుంటాయి. అందుకే జనవరిలో సరిపోయిన గాలి మే నెలలో చాలలేదు. చెరువులపై బ్రతికే మన బెస్తవారికి ఇది కొత్త కాదు. ఎండాకాలం తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయని వారికి తెలుసు.

ఆలోచిస్తే మన కాకతీయులు కట్టిందీ ఒక పెద్ద తొట్టే. గణపతిదేవుని కాలం నాటి పాకాల, రామప్ప చెరువులకు మోటార్లు లేవు. వాన నీరు వాలు చూసుకొని వచ్చి చేరుతుంది, తూము గుండా పొలాలకు పోతుంది, నిండితే మత్తడి దూకుతుంది. దూకేటప్పుడు నురుగులో గాలి కలుస్తుంది. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. అంటే ఎనిమిది వందల ఏళ్ళుగా ఆ పని పైసా బిల్లు లేకుండా జరుగుతున్నది. మన గాలి పంపు బుడగలు ఆ మత్తడికి చిన్న నకలు.

ఇప్పుడు మా తొట్టె నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర ఉంది. రెండే చేపలు, కొంత నాచు. హీటరు అటక మీదుంది. పంపు మాత్రం ఆగదు. కరెంటు పోయినా తొట్టె నీళ్ళు గొట్టం వెంట వెనక్కి రాకుండా దానిని తొట్టె కంటే ఎత్తున పెట్టాను. బిల్లు మళ్ళీ పాత శ్లాబుకు దిగింది. పాపకు నిజం కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇక పంపు నేనే చూసుకుంటా తాతా" అన్నది.

మిత్రులారా, పొదుపు మంచిదే. అయితే ఏది ఆపవచ్చో, ఏది ఆపకూడదో తెలుసుకొని స్విచ్చి మీద చేయి వేయండి.