ఆన్‌లైన్ కొనుగోళ్లపై పన్ను – వినియోగ రాష్ట్రానికి వాటా

ఆన్‌లైన్‌లో కొనుగోలు చేసిన వస్తువుపై వినియోగదారుడు చెల్లించే పన్నులో రాష్ట్ర వాటా, ఆ వస్తువు చేరిన రాష్ట్రానికి దక్కవలసి ఉంటుంది. 2017 జూలై 1న అమలులోకి వచ్చిన వస్తు సేవల పన్ను విధానానికి ఇదే మూలసూత్రం. అయితే ఆ వాటా సక్రమంగా జమ కావడం విక్రేత జారీచేసే ఇన్వాయిస్‌లో నమోదైన చిరునామాపై ఆధారపడి ఉంటుంది.

పూర్వ విధానం

కేంద్ర అమ్మకపు పన్ను చట్టం, 1956 ప్రకారం అంతర్రాష్ట్ర అమ్మకాలపై పన్ను, సరకు బయలుదేరిన రాష్ట్రానికే చెందేది. ఆన్‌లైన్ వ్యాపారం విస్తరించడంతో, వస్తువును వినియోగించే రాష్ట్రాలు ఆదాయం కోల్పోతున్నామని అభ్యంతరం తెలిపాయి. ఈ తరహా అమ్మకాలపై కేరళ వాణిజ్య పన్నుల శాఖ ఇ-కామర్స్ సంస్థలకు విధించిన జరిమానాలను 2015 అక్టోబరులో ఆ రాష్ట్ర హైకోర్టు రద్దు చేసింది. 2016లో జరిగిన 101వ రాజ్యాంగ సవరణతో వస్తు సేవల పన్నుకు మార్గం ఏర్పడింది.

ప్రస్తుత విధానం

బెంగళూరులోని విక్రేత నుంచి విజయవాడ వాసి 18 శాతం పన్ను వర్తించే 10,000 రూపాయల వస్తువును కొనుగోలు చేస్తే, సమీకృత పన్ను కింద 1,800 రూపాయలు వసూలవుతుంది. ఇందులో 900 రూపాయలు కేంద్రానికి, 900 రూపాయలు ఆంధ్రప్రదేశ్‌కు సర్దుబాటు అవుతాయి.

చిరునామా ప్రాధాన్యం

2023 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, పన్ను రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు విషయంలో ఇన్వాయిస్‌లోని చిరునామాయే సరఫరా స్థలం అవుతుంది. చిరునామా నమోదు కానిచో విక్రేత ఉన్న ప్రదేశాన్నే పరిగణిస్తారు. కనీసం రాష్ట్రం పేరు నమోదు చేసినా చిరునామా ఉన్నట్లే భావిస్తారు.

హైదరాబాద్ వాసి తన బిల్లింగ్ చిరునామాతో రాజమహేంద్రవరంలోని తల్లిదండ్రులకు వస్తువు పంపిన సందర్భంలో, వస్తువు అందజేసిన చిరునామానే సరఫరా స్థలంగా తీసుకోవాలని కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు 2024 జూన్ 26న జారీచేసిన సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. ఆ ప్రకారం పన్ను వాటా తెలంగాణకు గాక ఆంధ్రప్రదేశ్‌కు చెందుతుంది.

మూలం వద్ద వసూలు

ఇతర విక్రేతల వస్తువులను తమ వేదికపై విక్రయింపజేసి, సొమ్ము వసూలు చేసే ఇ-కామర్స్ నిర్వాహకులు, ఆ విక్రేతల నికర పన్ను విధింపు విలువపై నిర్ణీత శాతాన్ని మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. 2018 అక్టోబరు 1న 1 శాతంతో మొదలైన ఈ వసూలు 2024 జూలై 10 నుంచి 0.5 శాతానికి తగ్గింది. ఇది అదనపు పన్ను కాదు. ఈ మొత్తం విక్రేత నగదు ఖాతాలో జమ అవుతుంది. నిర్వాహకులు ప్రతి నెలా సమర్పించే జీఎస్టీఆర్-8 వివరణ పత్రాన్ని విక్రేతల రిటర్నులతో సరిపోల్చినచో దాచిన అమ్మకాలు బయటపడతాయి.

నిర్ణీత టర్నోవరు పరిమితికి లోబడి, రాష్ట్రం లోపలే వస్తువులు విక్రయించే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుంచి షరతులతో తప్పనిసరి రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది.

వినియోగదారులు ఇన్వాయిస్‌లో తమ రాష్ట్రం పేరు, పిన్ కోడ్ సరిగా ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. క్షేత్రస్థాయి అధికారులు తనిఖీలలో ఈ అంశాన్ని పరిశీలించినచో రాష్ట్రానికి రావలసిన ఆదాయం ఇతర రాష్ట్రాలకు మళ్లకుండా నివారించవచ్చు.