పచ్చికకోత యంత్రం పుట్టుపూర్వోత్తరాలు

వరిచేలో కోత కోసేవారిని గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. కొడవలి ఎంత పదునైనదైనా ఎడమచేయి లేనిదే కోత సాగదు. ఎడమచేయి దుబ్బును గుప్పిట బిగించి పట్టుకొంటుంది. కొడవలి దానికి ఎదురుగా లాగుతుంది. పట్టు వదిలితే కాడ కత్తికి లొంగి పక్కకు వాలుతుందేగాని తెగదు. అనగా కోతకు కత్తి ఎంత అవసరమో, కత్తికి ఎదురు నిలిచే ఆధారం కూడా అంతే అవసరం. బెత్తెడు ఎత్తయినా లేని పచ్చికను ఎవరు గుప్పిట పట్టగలరు? దానికి ఆధారం ఎక్కడనుండి తేవాలి? ఈ ప్రశ్నకు దొరికిన జవాబులే పచ్చికకోత యంత్రం చరిత్ర. ఇంటి ముందటి పచ్చిక కొరకు, వెనుక నడుస్తూ తోసే యంత్రం కొనబోయే మనిషికి దుకాణంలో కనిపించే రెండు రకాలూ ఆ ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులే.

యంత్రం పుట్టకముందు ఇంగ్లండులో ధనికుల తోటలలో పచ్చికను గొర్రెలు మేసేవి, లేదా కూలివారు సైద్ అనే పనిముట్టుతో కోసేవారు. ఇది నిలువెత్తు కర్రకు బిగించిన పొడవాటి వంపు కత్తి. రెండు చేతులా పట్టుకొని, నేలకు రాసినట్లుగా అర్ధవృత్తంలో విసరాలి. ఇక్కడ ఎడమచేతి పట్టు లేదు. దాని బదులు రెండు పనిచేస్తాయి. ఒకటి, కత్తి అసాధారణమైన పదును. రెండవది, గడ్డి జడత్వం. కత్తి వేగంగా వచ్చి తాకినప్పుడు, కాడ పక్కకు వాలడానికి వ్యవధి చాలక తెగిపోతుంది. అందుకే ఆ కూలివారు తెల్లవారుజామున, మంచు పడి గడ్డి బరువెక్కి ఉన్న వేళ పనికి దిగేవారు. బరువెక్కిన కాడకు జడత్వం ఎక్కువ గదా! ఎండ ఎక్కి గడ్డి ఆరిందంటే కోత మొరాయించేది. నేర్పరి చేతిలో సైద్ అద్భుతంగా పనిచేస్తుంది. కాని నేర్పరులు అందరికీ దొరకరు, దొరికినా ఒక పెద్ద తోటకు పలువురు కావాలి. నున్నని పచ్చిక ఒకప్పుడు సంపదకు గుర్తయింది ఇందువల్లనే.

ఇంతగా కోసినా గడ్డి చావదేమని విద్యార్థులు అడగవచ్చు. చాలా మొక్కలు కొనలవద్ద పెరుగుతాయి. కొన తెగితే ఆ కొమ్మ పెరుగుదల ఆగుతుంది. గడ్డిజాతి ఆకు మాత్రం మొదట పెరుగుతుంది. పెరిగే కణాలు నేలను అంటి ఉండడం చేత పశువు కొరికినా, కత్తి కోసినా అవి క్షేమంగా ఉంటాయి. మేసే జంతువుల మధ్య బతికిన జాతికి అబ్బిన లక్షణమిది. యంత్రం చేసే పనిని గడ్డి సహించడానికి కారణం ఇదే.

మొదటి జవాబు తోటలో కాక బట్టల మిల్లులో పుట్టింది. గ్లాస్టర్‌షైరులో స్ట్రౌడ్ పట్టణం చుట్టూ ఉన్న లోయలు ఉన్నిబట్టలకు పేరు పొందినవి. నేసిన ఉన్నిగుడ్డపై లేచిన నూగును సమంగా కత్తిరిస్తేగాని దానికి నునుపు రాదు. ఈ పనిని పూర్వం పెద్దపెద్ద కత్తెరలతో చేతితో చేసేవారు. 1815లో బ్రిమ్స్‌కూంబ్ నివాసి జాన్ లూయిస్, స్తూపం చుట్టూ మెలికగా అమర్చిన కత్తులు తిరుగుతూ నూగును కత్తిరించే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ ప్రాంతపు మిల్లులకు యంత్రాలు చేసిపెట్టిన ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అనే పనివాడు (1796–1846) ఈ యంత్రాన్ని చూచి, గుడ్డమీది నూగుకూ నేలమీది పచ్చికకూ పోలిక పట్టాడు. రెండూ పొట్టివి, ఒత్తైనవి, గుప్పిట పట్ట వీలులేనివి. ఒకదానికి సరిపోయిన ఉపాయం రెండవదానికి ఎందుకు సరిపోదు? ఒక శాస్త్రంలోని పనిముట్టు మరొక రంగంలోకి నడిచిపోవడానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు.

బడ్డింగ్‌కు పెట్టుబడి లేదు. థ్రప్‌లోని ఫీనిక్స్ ఇనుప కార్ఖానా నడిపే జాన్ ఫెరబీ భాగస్వామిగా చేరి ఖర్చు పెట్టుకొన్నాడు. 1830 ఆగస్టు 31వ తేదీన పేటెంటు వచ్చింది. యంత్రం వెడల్పు 19 అంగుళాలు, అనగా సుమారు 48 సెంటీమీటర్లు. చట్రం ఇనుముతో చేసినది. వెనుకనున్న పెద్ద రోలరు నేలమీద దొర్లుతుంటే, ఆ కదలికను పోత ఇనుప పళ్ళచక్రాలు ముందున్న కత్తుల స్తూపానికి అందించేవి. రోలరు ఒక చుట్టు తిరిగేసరికి కత్తులు 16 చుట్లు తిరిగేవి. కత్తుల అడుగున కదలకుండా బిగించిన మరొక కత్తి ఉన్నది. యంత్రానికంతటికీ ప్రాణం ఈ అడుగుకత్తియే. తిరిగే కత్తి గడ్డిని తెచ్చి దీనికి ఆనించి, కత్తెర రెండు రెక్కలవలె తెంపుతుంది. కోతకూలి ఎడమచేయి చేసే పనిని ఇక్కడ అడుగుకత్తి చేస్తున్నది. మధ్యనున్న చిన్న రోలరును ఎత్తుతూ దించుతూ కోత ఎత్తును మార్చుకోవచ్చు. తెగిన గడ్డి ముందుకు ఎగిరి ఒక తొట్టిలో పడుతుంది. ఈ నిర్మాణంలో మూలసూత్రం నేటివరకూ మారలేదు.

బడ్డింగ్ తన యంత్రాన్ని ఇరుగుపొరుగులు నవ్వుతారని రాత్రిపూట పరీక్షించాడని ఒక కథ వాడుకలో ఉన్నది. నిజమో కల్పనో గాని, కొత్తదాన్ని చేసేవాడికి కలిగే బిడియం అందులో కనిపిస్తుంది. లండనులోని రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాల ఈ యంత్రాన్ని తొలిరోజులలోనే కొన్నది. బరువైన యంత్రం కనుక ఒకరు ముందునుండి లాగాలి, ఒకరు వెనుకనుండి తోయాలి. ఆ ఇద్దరూ సైద్‌లు, చీపుళ్ళు పట్టిన ఆరుగురు ఎనమండుగురు చేసేంత పని చేస్తున్నారని అక్కడి తోట పెద్ద చెప్పాడు. యజమానికి ఇది శుభవార్తే. మిగిలిన నలుగురైదుగురి సంగతి ఆ లెక్కలో లేదు. ఉన్నినూగు కత్తిరించే పనివారు అంతకు కొన్నేళ్ళ ముందే యంత్రాలమీద తిరగబడి ఓడిపోయారు. తోటకూలీల ఎదురుతిరుగుడు అంత పెద్దగా చరిత్రకెక్కలేదు. పేటెంటు పత్రంలో బడ్డింగ్ రాసిన ఒక మాట మాత్రం దూరదృష్టి గలది: దొరలు తామే ఈ యంత్రాన్ని నడిపితే వినోదమూ వ్యాయామమూ దక్కుతాయని అతడు సూచించాడు. పచ్చిక కోత కూలివాడి పనినుండి ఇంటివాడి పనిగా మారబోతున్నదని చెప్పినట్లే.

1832లో ఇప్స్‌విచ్ పట్టణపు రాన్సమ్ సంస్థ అనుమతి పొంది ఈ యంత్రాలను తయారుచేయసాగింది. బడ్డింగ్ పచ్చికతో ఆగిపోలేదు. మరను తిప్పి వెడల్పు మార్చుకొనే స్పానరు ఒకటి చేశాడు. అది నేటికీ ప్రతి మెకానిక్ పెట్టెలోనూ ఏదో రూపంలో కనిపిస్తుంది. యంత్రం మీద సంపద కూడబెట్టకుండానే 1846లో మరణించాడు.

తరువాతి డెబ్బై ఏళ్ళూ జరిగినది చాలావరకు బరువుతోనూ చప్పుడుతోనూ పోరాటం. స్కాట్లండులో ఆర్‌బ్రోత్ వాసి అలెగ్జాండరు షాంక్స్ 1842లో గుర్రం లాగే పెద్ద యంత్రానికి పేటెంటు తీసుకొన్నాడు. ఇటువంటి యంత్రాలు లాగే గుర్రాల గిట్టలు పచ్చికను తొక్కి పాడుచేయకుండా వాటికి తోలు జోళ్ళు తొడిగేవారు. లీడ్స్‌లో థామస్ గ్రీన్ 1859లో పళ్ళచక్రాల బదులు గొలుసు వాడి, చప్పుడు తగ్గించి, దానికి 'మౌనంగా కోసేది' అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టుకొన్నాడు. అమెరికాలో ఎల్వుడ్ మెగ్వైర్ 1870లో తేలికైన యంత్రాన్ని రూపొందించాడు. మాసచూసెట్స్ రాష్ట్రంలో జాన్ ఆల్బర్ట్ బర్ అనే నల్లజాతి శిల్పి, తెగిన గడ్డి పళ్ళచక్రాలలో ఇరుక్కోకుండా, గోడల పక్కదాకా కోయగలిగేటట్లు చక్రాలను అమర్చి 1899లో పేటెంటు పొందాడు. ఈలోగా 1874లో లాన్ టెన్నిస్ ఆట పేటెంటు కెక్కింది. సమంగా కోసిన పచ్చిక లేకుంటే ఆ బంతి నేలమీదనుండి సరిగా లేవదు. కోత యంత్రం ముందు వచ్చింది గనుకనే ఆట నిలిచింది అనడం అతిశయోక్తి కాదు.

1893లో లాంకషైరులో జేమ్స్ సమ్నర్ ఆవిరియంత్రంతో నడిచే కోతయంత్రానికి పేటెంటు తీసుకొన్నాడు. దాని బరువు టన్నున్నర. పచ్చికను కోసే ముందు అణగదొక్కే యంత్రం ఎంతకాలం నిలుస్తుంది? 1902లో రాన్సమ్ సంస్థ పెట్రోలు యంత్రాన్ని బజారులోకి తెచ్చింది. 1921లో బర్మింగ్‌హామునుండి అట్కో వచ్చిన తరువాత పెట్రోలు యంత్రం క్రమంగా మామూలు ఇళ్ళకు చేరింది. అయినా ఇవన్నీ లోపల బడ్డింగ్ కత్తెరలే. తోసే శక్తి మారిందిగాని కోసే పద్ధతి మారలేదు.

ఆ శక్తి చేతికి వచ్చిన పిదప రెండవ జవాబుకు దారి తెరుచుకొంది. అడుగుకత్తి అసలు అక్కరలేదు. సైద్ వలె గడ్డి జడత్వాన్నే ఆధారం చేసుకోవచ్చు. మనిషి విసురులో కత్తికి వేగం తక్కువ, అందుచేత మంగలికత్తి వంటి పదును కావాలి. ఇంజను తిప్పే కత్తికి వేగం ఎక్కువ, పదును కొంత తగ్గినా సాగుతుంది. ఈ ఉపాయం ఎవరికీ తట్టక కాదు, తేలికగా ఉండి వేగంగా తిరిగే చిన్న ఇంజను లేక నూరేళ్ళు ఆగవలసివచ్చింది. 1933లో ఇంగ్లండులో రోటోసైద్ అనే యంత్రం అమ్మకానికి వచ్చింది. సైద్ పేరు దానిలోనే నిలిచింది. కాని రోటరీ యంత్రాన్ని ఒక దేశానికి ఇంటివస్తువుగా చేసిన ఘనత సిడ్నీ నగరానికి చెందిన మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్‌ది. 1952లో అతడు ఇంటి గారేజీలో రెండు స్ట్రోకుల చిన్న ఇంజనును పక్కకు వాల్చి, దాని ఇరుసు నేలవైపు నిలిచేటట్లు బిగించి, చివర కత్తి తగిలించాడు. పెట్రోలు టాంకీగా పీచ్‌పండ్ల ఖాళీ డబ్బాను అమర్చాడు. తన పేరులోని విక్టరునుండి విక్టా అని పేరు పెట్టాడు. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ ఆటల ప్రారంభోత్సవంలో ఈ యంత్రాలు మైదానంలో కవాతు చేశాయంటే అవి ఆస్ట్రేలియావారి బ్రతుకులో ఎంతగా కలిసిపోయినవో తెలుస్తుంది.

రెండు జవాబులకూ గుణదోషాలు వేరు. కత్తెర పద్ధతిగల రీలు యంత్రం గడ్డిని శుభ్రంగా తెంపుతుంది, చాలా పొట్టిగా కోయగలదు, తక్కువ శక్తితో సాగుతుంది. కాని ఎత్తుగా పెరిగిన గడ్డిని అది వంచివేస్తుందేగాని కోయదు. చిన్న రాయి తగిలినా అడుగుకత్తి అంచు చెడుతుంది. రోటరీ యంత్రం ఎత్తైన గడ్డినీ కలుపునూ లెక్కచేయదు. కత్తి చివరలు పైకి వంచి ఉండడం చేత విసనకర్ర వలె గాలిని పైకి లాగి, వాలిన ఆకులను నిలబెట్టి మరీ కోస్తుంది. పదును తగ్గినప్పుడు మాత్రం ఆకును కోయక చీల్చుతుంది. మర్నాటికి కొనలు ఎండి పచ్చిక పాలిపోతుంది. మన గరికవంటి పొట్టి గడ్డిని క్రికెట్ మైదానాలలో రీలుతోనే కోయడానికీ, చలిదేశాలలో మూడంగుళాల ఎత్తున ఉంచే గడ్డికి రోటరీ చాలడానికీ కారణం ఇదే. అమెరికాలో చాలా పట్టణాల నిబంధనల ప్రకారం ఇంటి ముందు గడ్డి ఫలానా ఎత్తు మించరాదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సైతం వేసవి శనివారాలలో ఇది తప్పని పని. రెండు మూడు వారాలు ఊరికి పోయి వచ్చేవారికి రీలు యంత్రం పనికిరాదు.

అయితే వేగానికి ఒక వెల ఉన్నది. 53 సెంటీమీటర్ల కత్తి నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొన వేగం సెకనుకు దాదాపు 83 మీటర్లు, అనగా గంటకు 300 కిలోమీటర్లు. కత్తి బరువు ఒక కిలోగ్రాము అనుకొని లెక్కకడితే దానిలోని గతిశక్తి సుమారు 1150 జౌళ్ళు. ఒక కిలో రాయి 118 మీటర్ల ఎత్తునుండి పడితే వచ్చే శక్తి అది. తెగిన తీగముక్కో గులకరాయో ఆ కత్తికి తగిలితే తూటావలె ఎగురుతుంది. ఇరుక్కొన్న తడిగడ్డిని లాగబోయిన వేళ్ళు, జారి లోనికి పోయిన పాదాలు ఎన్నో తెగినవి. ఇంజను ఆపిన తరువాత కూడా కత్తి తన జడత్వం చేతనే కొంతసేపు తిరుగుతూండడం అసలు మోసం. గడ్డి జడత్వాన్ని నమ్ముకొన్న యంత్రం కత్తి జడత్వాన్ని మరచింది.

దీనికి విరుగుడుగా అమెరికా ప్రభుత్వ వినియోగవస్తు భద్రతా సంఘం చేసిన నియమం 1982 జూన్ 30నుండి అమలులోనికి వచ్చింది. వెనుక నడిచి తోసే యంత్రాలకే వర్తించే నియమమిది. పిడిమీద ఒక కడ్డీ ఉండాలి. దానిని పట్టుకొని ఉన్నంతసేపే కత్తి తిరగాలి. వదిలిన 3 సెకనులలో పూర్తిగా ఆగాలి. పిడి వదిలిన మనిషి కత్తి దగ్గరకు నడిచివచ్చే లోపల అది నిలిచిపోవాలన్నదే ఆ మూడు సెకనుల లెక్క. ఆపడం రెండు విధాల సాధ్యం: ఇంజనును కూడా ఆపివేయవచ్చు, లేదా ఇంజను తిరుగుతుండగా కత్తిని మాత్రం విడదీసి బ్రేకు వేయవచ్చు. రెండవది ఖరీదెక్కువ. ఆగిన ఇంజనును చేతితో మళ్ళీ లాగి నడిపించుకొనే పద్ధతిని 1981లోనే అమెరికా కాంగ్రెసు చట్టం ద్వారా అనుమతించింది. మాటిమాటికీ తాడు లాగలేక ఆ కడ్డీని పిడికి గుడ్డపేలికతో కట్టివేసేవారు కూడా లేకపోలేదు. అటువంటివారిని ఏ నియమమూ కాపాడలేదు.

ఇప్పుడు కొనేవారి ముందు ఇంజను ప్రశ్న కూడా ఉన్నది. చిన్న పెట్రోలు ఇంజనుల పొగలో సగం కాలిన హైడ్రోకార్బనులు పాలు ఎక్కువ. కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చేసిన చట్టం ననుసరించి 2024నుండి అటువంటి కొత్త ఇంజనులకు పొగ లేనివే కావాలన్నది. బ్యాటరీ యంత్రాలు ఆ చోటు ఆక్రమిస్తున్నవి. మోటారు ఆగగానే కత్తిని విద్యుత్తుతోనే నిలపవచ్చు గనుక మూడు సెకనుల నియమం వీటికి సులువు. 1995లో స్వీడనులోని హుస్క్వార్నా సంస్థ ఎండతో నడిచే, మనిషి తోడు లేని యంత్రాన్ని కూడా తెచ్చింది. ఇంజనూ బ్యాటరీ ఏదీ లేని రీలు యంత్రాలు కూడా ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నవి. చిన్న పచ్చిక, వారం వారం తీరిక ఉన్న ఇంటికి అవి చాలు. బడ్డింగ్ యంత్రానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. ఇప్పటిదానిని హైస్కూలు కుర్రవాడు ఒంటరిగా తోయగలడు.