ఓడిపోతామని తెలిసీ ఆగినవాళ్లు

పెనుకొండ దగ్గర కార్లు తయారుచేసే కియా మనవాళ్లకు కొత్త కాదు. నేనుండే గ్వాంగ్జూలోనూ ఆ కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు అది ఆసియా మోటార్స్. 1980 మే 21న ఈ ఊరి జనం అందులోకి వెళ్లి సైన్యం కోసం తయారైన ట్రక్కుల్ని, కవచ వాహనాల్ని బయటికి తోలుకొచ్చారు. సొంత దేశపు సైన్యమే తమ మీద తుపాకులు పేల్చిన రోజది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు మనవాళ్లు కొరియా గురించి అడిగేది సీరియళ్లు, ఫోన్లు, జీతాలు. అంత క్రమశిక్షణ ఉన్న దేశంలో తిరుగుబాటేమిటని ఆశ్చర్యపోతారు. ఇక్కడి ప్రజాస్వామ్యం ఎవరో దయతో ఇచ్చింది కాదు. దాని వెనక గ్వాంగ్జూ ఉంది. గ్వాంగ్జూ పేరెత్తితే యూన్ సాంగ్‌వన్ గురించి చెప్పుకోవాలి.

ముందు కాస్త నేపథ్యం. పద్దెనిమిదేళ్లు దేశాన్ని ఏలిన పార్క్ చుంగ్ హీని 1979 అక్టోబర్ 26న ఆయన గూఢచారి సంస్థ అధిపతే కాల్చి చంపాడు. ఇక మంచి రోజులొస్తాయని జనం అనుకునేలోపే, డిసెంబర్ 12న చున్ డూ హ్వాన్ అనే సేనాని సైన్యాన్ని గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది మే 17 అర్ధరాత్రి మార్షల్ లాను దేశమంతటికీ విస్తరించి, యూనివర్సిటీలు మూయించి, ప్రతిపక్ష నేత కిమ్ డే జుంగ్‌ను అరెస్టు చేయించాడు. కిమ్‌ది జొల్లా ప్రాంతం. గ్వాంగ్జూ అక్కడి ముఖ్య నగరం. పార్క్, చున్ ఇద్దరూ గ్యాంగ్‌సాంగ్ ప్రాంతం వాళ్లు. ఫ్యాక్టరీలూ పదవులూ అటే పోతున్నాయని జొల్లా జనానికి ఎప్పటి నుంచో కడుపుమంట. ఆ మంట ఎలాంటిదో మన తెలుగు నేల మీద ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మే 18 ఉదయం చొన్నాం యూనివర్సిటీ గేటు దగ్గర విద్యార్థుల్ని పారాట్రూపర్లు చితకబాదారు. అడ్డొచ్చినవాళ్లనీ, దారిన పోయేవాళ్లనీ వదల్లేదు. 20 సాయంత్రం టాక్సీ డ్రైవర్లు హెడ్‌లైట్లు వేసుకుని వరసగా గుమ్నామ్నో వీధిలోకి బండ్లు నడిపించారు. 21 మధ్యాహ్నం ప్రాంతీయ ప్రభుత్వ భవనం ముందు సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. అప్పుడు జనం పోలీస్ స్టేషన్లలోని తుపాకులు తీసుకున్నారు. ఆ సాయంత్రానికి సైన్యం ఊరి పొలిమేరలకు వెనక్కి తగ్గింది. తర్వాత ఐదు రోజులు ఊరు జనం చేతిలోనే ఉంది. బజారు ఆడవాళ్లు అన్నం ముద్దలు చేసి లారీల మీదున్న కుర్రాళ్లకు అందించారు. ఆసుపత్రుల దగ్గర రక్తం ఇచ్చేందుకు జనం బారులు తీరారు. ఇంత జరుగుతున్నా సెన్సార్ కత్తెర కింద ఉన్న పత్రికలకూ టీవీకీ వీళ్లు అల్లరిమూకలే.

యూన్ పోరాడింది ఆ అబద్ధంతో. 1950లో గ్వాంగ్జూ శివారు పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. చొన్నాం యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చదివాడు. 1978లో సియోల్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. ఏ ఇంట్లోనైనా పండగ చేసుకునే విషయం. కొన్ని నెలలకే దాన్ని వదిలేసి ఊరికొచ్చి, డిగ్రీ ఉండి కూడా ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా చేరాడు. ఆసియా మోటార్స్ ఉన్న పేటలోనే కుర్ర కార్మికుల కోసం దుల్‌బుల్ అనే రాత్రిబడి నడిచేది. అక్కడ పాఠాలు చెప్పాడు.

మేలో ఆ రాత్రిబడి జట్టే ఊరికి పత్రిక అయింది. మైనం కాగితం మీద ఇనుప కలంతో అక్షరాలు గీకి, సిరా రోలర్ తిప్పి, ఒక్కో కాపీ చేత్తో తీశారు. సైక్లోస్టైల్ కరపత్రాల కాలం చూసిన మన పెద్దవాళ్లకు ఆ పని ఎంత ఓపిక తీసుకుంటుందో తెలుసు. ఏ వీధిలో ఏం జరిగింది, ఎక్కడ గుమిగూడాలి, ఎలా మసలుకోవాలి అన్నీ ఆ ఒక్క కాగితంలో ఉండేవి.

అప్పటికే ఊళ్లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. తుపాకులు తిరిగిచ్చేసి ప్రాణాలు దక్కించుకుందామని సైన్యంతో మంతనాలు జరుపుతున్న పరిష్కార కమిటీ పెద్దలు, పాదిరీలు అన్నారు. వాళ్లను పిరికివాళ్లనడం అన్యాయం. ఊరు శ్మశానం కాకూడదన్నదే వాళ్ల తాపత్రయం. యూన్ వాదన వేరు. చచ్చిపోయినవాళ్లకు ఎవరూ జవాబు చెప్పకుండా తుపాకులిచ్చేస్తే, అల్లరిమూకలన్న సర్కారు మాట మనమే ఒప్పుకున్నట్టు. 25 రాత్రి ఏర్పడిన కొత్త పోరాట కమిటీకి అతను అధికార ప్రతినిధి అయ్యాడు. 26న విదేశీ విలేకరుల ముందు కూర్చున్నాడు. అమెరికా రాయబారి మధ్యవర్తిగా రావాలని వాళ్ల ద్వారా కోరాడు. రాయబారి ఒప్పుకోలేదు. ఆ సమావేశంలో ఉన్న ‘బాల్టిమోర్ సన్’ విలేకరి బ్రాడ్లీ మార్టిన్, తన ఎదుట మాట్లాడుతున్న యువకుడికి తన చావు సంగతి ముందే తెలుసనిపించిందని తర్వాత రాశాడు.

సైన్యం వస్తోందని ఆ రాత్రి అందరికీ తెలిసింది. ప్రాంతీయ ప్రభుత్వ భవనంలో ఉన్న హైస్కూలు పిల్లల్ని ఇళ్లకు పొమ్మన్నాడు యూన్. బతికి, చూసింది లోకానికి చెప్పడమే మీ పని అన్నాడు. కొందరు వెళ్లారు. వెళ్లనివాళ్లలో కొందరు అక్కడే చనిపోయారు. 27 తెల్లవారకముందే ట్యాంకులు వచ్చాయి. భవనం రెండో అంతస్తులో యూన్ ప్రాణం పోయింది. అప్పటికి ముప్పై నిండలేదు.

ఫలితం ముందే తెలిసిన పోరాటానికి ప్రాణాలివ్వడం తెలివైన పనేనా? ఇక్కడికొచ్చిన కొత్తలో నాకూ ఈ సందేహం ఉండేది. జవాబు తర్వాతి చరిత్రలో ఉంది. రాత్రిబడి పెట్టినవాళ్లలో ఒకరైన పార్క్ గిసున్ 1978 చివర్లో బొగ్గు పొయ్యి విషవాయువుకు బలైంది. 1982లో ఆమె ఆత్మకూ యూన్ ఆత్మకూ పెళ్లి జరిపించారు. ఆ సందర్భానికి పుట్టిన పాట ‘ప్రియతముని కోసం కవాతు’ దొంగచాటు క్యాసెట్లలో దేశమంతా పాకింది. చున్ హయాంలో గ్వాంగ్జూ నిజం చెప్పడమే విద్యార్థి ఉద్యమాలకు ఊపిరైంది. 1987 జూన్‌లో జనం వీధుల్లోకొచ్చి, అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు సాధించుకున్నారు. 1996లో కోర్టు చున్‌కు మరణశిక్ష వేసింది. పై కోర్టు దాన్ని యావజ్జీవానికి తగ్గించింది. 1997 డిసెంబర్‌లో క్షమాభిక్షతో బయటికొచ్చాడు.

2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మళ్లీ మార్షల్ లా ప్రకటించినప్పుడు, సియోల్ జనం తలుపులు వేసుకోలేదు. పార్లమెంటు దగ్గరికి పరుగెత్తి సైనికుల్ని అడ్డుకున్నారు. లోపలికి చేరిన 190 మంది సభ్యులూ దాని రద్దుకు ఓటేశారు. తెల్లారేలోపు అది పోయింది, ఏప్రిల్లో అధ్యక్షుడి పదవీ పోయింది. మార్షల్ లా అంటే ఏమిటో ఆ జనంలో చాలామందికి స్వానుభవం లేదు. గ్వాంగ్జూ చెప్పగా విన్నారు, అంతే. ఆ రాత్రి పిల్లల్ని యూన్ సాంగ్‌వన్ ఇళ్లకు పంపింది ఇందుకే.

అలాగని లెక్క తీరిపోలేదు. చున్ 2021లో క్షమాపణ చెప్పకుండానే పోయాడు. ఆ పని 2023లో అతని మనవడు గ్వాంగ్జూకు వచ్చి చేశాడు. మే 21న కాల్చమన్నది ఎవరన్న ప్రశ్నను మాత్రం ఈ ఊరి తల్లులు ఏటా అడుగుతూనే ఉన్నారు.